సగం కళాయి గుండిగ

మా నాయనమ్మ గుండిగ సముద్రాలు దాటి మేముండే లోవర్ హట్ ఊరు చేరిన వైనాన్ని నేను ఇప్పటికి నాలుగు రకాలుగా చెప్పాను. ఆక్లాండ్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి దాన్ని చూసి లేచి నిలబడ్డాడనీ, మ్యూజియానికి ఇస్తారా అని అడిగాడనీ, "మా వంశగౌరవం అమ్మకానికి లేదు" అని నేను జవాబిచ్చాననీ ఒక రకం. మిగతా మూడూ ఇంకా ఘోరం. అసలు జరిగిందేమిటంటే, జనగామలో మా బాబాయి కొడుకు పాత ఇల్లు పడగొట్టిస్తుంటే అటక మీద ఇది బయటపడింది. సెలవులకు వెళ్ళిన మా అమ్మాయి సుజాత దాని నిండా చీరలు కుక్కి, చుట్టూ తువ్వాళ్ళు చుట్టి సామాన్లలో పడేసింది. అధికారి దాన్ని గోటితో టంగుమని కొట్టి, లోపల విత్తనాలు గానీ తేనె గానీ ఉన్నాయా అని మాత్రం అడిగాడు. వంశగౌరవం గురించి ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక సుజాతకు ఉగాదికి నూటయాభై మందికి పులిహోర ఇందులోనే కలపాలని బుద్ధి పుట్టింది. ఇక్కడ ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది, వేపపువ్వు ఫ్రీజర్‌లోంచి వస్తుంది. అయినా పండుగ పండుగే. ముందుగా కొంచెం చింతపండు పులుసు కాచి చూసింది. చల్లారేసరికి ఒకవైపు పచ్చగా కిలుమెక్కింది.

"నాన్నా, చూశావా? లోపల ఒక సైడ్ సిల్వర్, ఇంకో సైడ్ గోల్డ్. హాఫ్ హాఫ్ ఉంది."

"కళాయి పోయిందే. పాతది కదా" అన్నాను.

ఇత్తడి పాత్రకు లోపల తగరం పూత లేకపోతే పులుపు విషమవుతుంది. ఆ పూతే కళాయి. కాకపోతే ఆ గుండిగకు కళాయి పోలేదు. సగమే పడింది. ఆ సంగతి ప్రపంచంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

పెటోనీలో ఒక రెస్టారెంటు వంటవాడు సుజాతకు చెప్పాడట, వైనుయోమాటా కొండ అవతల ఒక హంగరీ ముసలాయన రాగి పాత్రలకు ఇంకా తగరం పూస్తాడని. ఆయన పేరు యాంకో అనుకుందాం. నాకంటే రెండేళ్ళు చిన్న, అంటే డెబ్బై దాటినవాడే. సుజాత నన్నూ గుండిగనూ ఆయన గరాజు ముందు దించి, "అరగంటలో వస్తా, ఎక్కువ కథలు చెప్పకు" అని సూపర్ మార్కెట్టుకు వెళ్ళింది. ఆయనకూ నాకూ వచ్చింది ముక్కల ఇంగ్లీషు. ఆయనది హంగరీ ముక్కలు, నాది ఆర్టీసీ డిపో ముక్కలు. అతికినచోట అతికింది.

గరాజులోకి అడుగుపెట్టగానే ఆ వాసన తగిలింది. కళాయి వేసేటప్పుడు చల్లే నవాసారం ఉప్పు కాలుతున్న పొగ. ముక్కులోకి సూదిలా దిగి, కళ్ళలో నీళ్ళు తెప్పించి, వెనకనుంచి కాస్త ఉప్పగా మిగిలే వాసన. అరవై ఏళ్ళ తర్వాత పీల్చాను. మా వీధిలో కోతలయ్యాక వచ్చే వాసన అది. గాడిదల మీద డేరాలూ తిత్తులూ వేసుకుని కళాయి వాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునే భాష మాలో ఎవరికీ తెలియదు. మా ఇంటెదురు ఖాళీ స్థలంలో గుంత తవ్వి, బొగ్గులు పోసి, తిత్తి అమర్చేవారు. ఇళ్ళలోంచి గిన్నెలూ బిందెలూ కాగులూ గుండిగలూ బయటికొచ్చేవి. ఎర్రగా కాగిన పాత్రలో నవాసారం చల్లి, తగరం కడ్డీ ఒక్కసారి తాకించి, దూదితో గిర్రున తుడిస్తే, పసుపు ఇత్తడి కళ్ళముందే వెండిగా మారేది. నేను అన్నం మానేసి చూసేవాణ్ణి.

యాంకో గుండిగను వెలుతురుకు తిప్పి చూస్తూ, "ఇండియానా?" అన్నాడు. అవునన్నాను. గరాజు తలుపు దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసుకుని, తలుపు సగం దించి వచ్చాడు.

"అందరూ నన్ను హంగరీ వాణ్ణంటారు. హంగరీలో ఉన్నాం, అంతే. మేం రోమ్. అంటే... జిప్సీలు. మా అమ్మ చెప్పేది, మొదట మీ దేశం నుంచే బయల్దేరామని." వేళ్ళు మడిచి ఐదు దాకా లెక్కపెట్టాడు. హిందీ అంకెలకు చుట్టాల్లా ఉన్నాయి అవి. "ఈ మాట ఈ దేశంలో నువ్వు రెండో మనిషివి వినడం. మొదటిది నా పెళ్ళాం. ఆమెకు ముందే తెలుసు." 

తర్వాత అడిగాడు. చాలా మామూలుగా, సుత్తి సర్దుకుంటూ అడిగాడు. "అక్కడ మాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా? వాళ్ళను ఎలా చూస్తారు?"

నాకు ఒకరు ఆశగా మొహంలోకి చూస్తే నోరు ఆగదు. చెప్పాను. కళాయి వాళ్ళొస్తే మా ఇంట్లో పండుగన్నాను. మా నాయనమ్మ వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, విస్తరాకులు వేసి, నెయ్యి తన చేత్తో వడ్డించేదన్నాను. వాళ్ళ ముసలాయనను నేను తాతా అని పిలిచేవాణ్ణనీ, ఆయన భుజమెక్కి ఊరంతా తిరిగాననీ అన్నాను. పోయేటప్పుడు ఆడవాళ్ళకు నాయనమ్మ కుంకుమ పెట్టి చీరలిచ్చేదన్నాను. చీరల దగ్గరికొచ్చేసరికి నాకే కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు అసలు సంగతి. మా నాయనమ్మ వాళ్ళకు మంచినీళ్ళు దోసిట్లో పోసేది, మూరెడు ఎత్తు నుంచి. మజ్జిగకైతే చూరులో ఒక సొట్ట గ్లాసు దోపి ఉండేది. వాళ్ళు తాగి, కడిగి, మళ్ళీ చూరులోనే పెట్టాలి. అరుగు ఎక్కితే పసుపునీళ్ళు చల్లేది. తమాషా ఏమిటంటే, కళాయి వేసే ముందు పాత్రను తోమడానికి వాళ్ళలో ఒకడు ఇసుకా గోనెగుడ్డా వేసి, అందులో నిలబడి, గోడ పట్టుకుని, రెండు కాళ్ళతో ఇటూ అటూ తిరిగేవాడు. నైవేద్యం వండే గుండిగలో కాళ్ళతో నిలబడవచ్చు, గ్లాసు మాత్రం ముట్టుకోకూడదు. ఆవిడ మడికి ఆ కాళ్ళు కనబడలేదు. మా పెద్దల ఆచారంలో ఉన్న గొప్పతనమంతా ఇదే: తమకు పనిబడ్డచోట దానికి చూపు మందం.

యాంకో నా కథకు చలించిపోయాడు. చీకట్లో ఉన్న మనిషి కిటికీ తెరిచినట్టు మొహం పెట్టాడు. టీ తెస్తానని లోపలికి వెళ్ళాడు. అతనికి మంచి పింగాణీ కప్పు. నాకు మాత్రం గరాజు గోడకు మేకుకు తగిలించి ఉన్న రేకు కప్పు దించి, అందులో పోశాడు. నేను చూస్తున్నానని చూసి, సిగ్గుపడకుండానే చెప్పాడు.

"ఏమీ అనుకోకు. ఇది బయటివాళ్ళది. మీరు చేతులు కడిగే సింకులోనే గిన్నెలు కడుగుతారు. బట్టలన్నీ ఒకటే మెషిన్లో వేస్తారు. మాకు అది కుదరదు. నా పెళ్ళాం ఊరుకోదు."

ఒళ్ళు మండిపోయింది. జనగామలో పుట్టి, ఏడు తరాల మడి మోసుకొచ్చిన నాకు బయటివాళ్ళ కప్పా? టీ తాగనని చెబుదామనుకున్నాను. చాలా బాగుంది, తాగేశాను. ఆ దేశం, ఈ దేశం, వెయ్యేళ్ళు, సముద్రాలు, ఇన్ని దాటినా మనిషి ఇంకో మనిషి మూతిని నమ్మడు కాబోలు.

ఇంటికొచ్చి నోరు మూసుకుని ఉంటే బాగుండేది. యాంకో ఎవరో, అతనికి నేను చెప్పిన అరుగు కథేమిటో సుజాతకు చెప్పాను, సుజాత తెలుగు సంఘం అధ్యక్షుడు శ్రీధర్‌కు చెప్పింది. శ్రీధర్ మంచివాడే. స్టూడెంటుగా వచ్చి, ఫ్లాట్లో ఐదుగురితో సర్దుకుని, ఇక్కడ డెయిరీ అని పిలిచే సందు కొట్టులో పాలూ పేపర్లూ అమ్మి, ఇప్పుడు హట్ వ్యాలీలో మూడిళ్ళవాడయ్యాడు. మంచివాడని ముందే ఒప్పుకున్నాను కనక ఇక తిట్టవచ్చు. ఆ సాయంత్రమే వచ్చి వాలాడు.

"అంకుల్! రోమాలు మనవాళ్ళే అంకుల్, వీడియోలు చూశా. థౌజండ్ ఇయర్స్ బ్యాక్ ఇక్కణ్ణుంచే, ఐ మీన్ అక్కణ్ణుంచే వెళ్ళారు. వరల్డ్‌లో ఫస్ట్ ఎన్నారైలు! ఉగాదికి ఆయన్ని పిలుద్దాం. శాలువా కప్పుదాం. మీ నానమ్మగారి స్టోరీ మీరు స్టేజీ మీద చెప్పాలి. ఫుల్ ఎమోషనల్ ఉంటది."

కిందటేడు హైదరాబాదులో ఇతని అపార్టుమెంటు గోడ పక్కన ఎవరో సంచార కుటుంబం డేరా వేస్తే, లేపేయించమని ఇక్కణ్ణుంచే సెక్యూరిటీకి నాలుగు ఫోన్లు చేశాడు. చేసిన సంగతి గర్వంగా నాకే చెప్పాడు. గోడ అవతల డేరా వేస్తే దొంగలు, వెయ్యేళ్ళ అవతల వేస్తే చుట్టాలు. దూరపు కొండలు నునుపంటారు. దూరపు డేరాలు మరీ నునుపు. "తప్పకుండా చెబుతానయ్యా" అన్నాను. చప్పట్లకు నేను అంత లోకువ.

వారం తర్వాత పిలుపు అందించడానికి వెళ్ళాను. సుజాత మళ్ళీ దించి వెళ్ళింది. యాంకో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. శాలువా సంగతి చెప్పగానే వస్తానన్నాడు. మనవరాలిని కూడా తెస్తానన్నాడు. ఆ పిల్ల వెల్లింగ్టన్‌లో చదువుతోందట. మొన్ననే కూర్చోబెట్టి తాము ఎవరో చెప్పాడట. కొడుక్కి చెప్పలేదు, మనవరాలికి చెప్పాడు.

"మీ స్టేజీ మీద నా నోటితో చెబుతాను, నేను రోమ్ అని. అరవై ఏళ్ళు దాచాను. ఎక్కడో ఒక అరుగైనా మాకుందని తెలిసింది కదా." 

నేను తల ఊపాను. ఏదో గొప్ప పని చేసినవాడిలాగే ఊపాను. అప్పుడతను నన్ను బల్ల దగ్గరికి పిలిచి, దీపం గుండిగలోకి వంచాడు.

"కానీ ఇది నాకు అర్థం కావడం లేదు. ఇటు చూడు. ఇది అరిగిపోయిన పూత కాదు. తుడుస్తూ తుడుస్తూ దూది ఇక్కడ ఆగింది. ఈ బొట్టు చూశావా, తగరం జారి ఇక్కడే గడ్డకట్టింది. కాగిన పాత్రను మధ్యలో వదిలిన పనివాడు లేడు. పెళ్ళాం ప్రసవిస్తున్నా ఈ ఒక్క చుట్టు పూర్తి చేసి లేస్తాడు. ఈయన లేచి పరుగెత్తాడు." బొటనవేలితో ఆ గీతను నిమిరాడు. "ఎందుకు?"

తప్పించుకోవడానికి మూడు దారులు తోచాయి. వాన వచ్చిందనవచ్చు. పాము వచ్చిందనవచ్చు. మాకు కబురొచ్చి ఆపమన్నామనవచ్చు. మూడూ నోటి దాకా వచ్చాయి. ఆ బొట్టు మాత్రం దీపం వెలుగులో అలాగే మెరుస్తోంది. జారుతూ జారుతూ ఆగిన బొట్టు.

"నాకప్పుడు ఐదేళ్ళు" అని మొదలుపెట్టాను. రెండు మాటలయ్యాక ఆగి, "పన్నెండు" అన్నాను.

ఆ రోజు కళాయి వాళ్ళ ముసలాయన మా గుండిగ నిప్పుల మీద పెట్టి తగరం పూస్తున్నాడు. ఆయన కోడలు తిత్తి ఊదుతోంది. కొడుకు మా పెద్ద కాగులో నిలబడి తోముతున్నాడు. అతని పేరు మాకు తెలియదు, ఎవరమూ ఏనాడూ అడగలేదు. నేను పోరు పెట్టాను, నన్నూ ఎక్కించమని. వద్దు బాబూ, మీ ముసలమ్మ తిడుతుంది అన్నాడు. ఏడుపు మొహం పెట్టాను. నవ్వి, నన్ను ఎత్తి కాగులో దించి, పడిపోకుండా రెండు చేతులూ పట్టుకుని, ఇలా తిరుగు, ఇలా అని నేర్పాడు. కాళ్ళ కింద ఇసుక కరకరలాడుతుంటే నేను తిరిగాను. అంత సంతోషం నాకు పెళ్ళిరోజున కూడా కలగలేదు; మా ఆవిడ ఉన్నప్పుడే ఈ మాట చెప్పాను, ఆమె కూడా ఒప్పుకుంది.

నాయనమ్మ బయటికొచ్చి చూసింది. నా చేతులు అతని చేతుల్లో ఉన్నాయి.

"ఏందిరా అది? వాడెందుకు పట్టుకున్నడు నిన్ను?"

ఆవిడకు నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. బావి దగ్గర పది బిందెల చన్నీళ్ళు, ఆ పూటకు అన్నం బంద్, చింతబరికె. మా అమ్మలందరూ పిల్లల్ని దేనితో బెదిరించేవాళ్ళో కూడా నాకు తెలుసు. 

"నన్ను ఎత్కపోతుండు నాయనమ్మా" అన్నాను.

ఆవిడ కేక పెట్టింది. తర్వాత అంతా చాలా తొందరగా జరిగింది. వీధిలో మగవాళ్ళు కర్రలతో వచ్చారు. కొలిమిని తన్నారు. ముసలాయన గుండిగను వదిలి కొడుకుకు అడ్డం వెళ్ళబోయి, తోపులాటలో చెయ్యి నిప్పుల మీద పెట్టాడు. కొడుకు నన్నే చూస్తున్నాడు. వాళ్ళకు కొట్టే మనుషులను ఎదిరించే ఆశ లేదు. నేను నోరు తెరిచి ఒక్క మాట అంటానేమోనన్న ఆశ మాత్రం ఉంది. నేను నాయనమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. భయపడి దాచుకున్నాడనుకున్నారు. ఆ సాయంత్రం నాకు నెయ్యీ బెల్లమూ పెట్టారు. కళాయి వాళ్ళు మళ్ళీ మా వీధికి రాలేదు. ఆ గుండిగ శకునం మంచిది కాదని నాయనమ్మ అటక మీదికి ఎక్కించింది.

చెప్పడం అయ్యాక యాంకో దీపాన్ని గుండిగలోంచి పైకి ఎత్తాడు. తిడితే బాగుండనుకున్నాను. తిట్టే మనుషులతో నాకు అలవాటు.

"మా తాతల తాతలు రుమేనియాలో బానిసలు" అన్నాడు. "మఠాల కింద ఉండేవాళ్ళు. సన్యాసుల వంటపాత్రలు చేసేవాళ్ళు. విడుదల చేశాక బండ్లు కట్టుకుని హంగరీ వచ్చారు. హిట్లర్ కాలంలో మా నాన్న అన్నదమ్ముల్ని రైలెక్కించారు. ముగ్గుర్ని. మా నాన్న మిగిలాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ ఊరూరా తిరిగాడు. ఒక ఊళ్ళో పిల్లవాడు కనబడలేదు. జిప్సీలు ఎత్తుకుపోయారన్నారు. మా బండి తగలబెట్టారు. పిల్లవాడు ఎక్కడో గడ్డివాములో నిద్రపోయాడు, లేచి ఇంటికెళ్ళాడు. మా నాన్న ఆ ఊరి పాదిరీ గారి గంగాళం సగం పూతలో వదిలేసి పరుగెత్తాడు. అప్పుడు నేను అతని భుజం మీదున్నాను. ఇక్కడికి ఓడ దిగినప్పుడు మా అమ్మ అంది, ఇవాళ్టి నుంచి మనం హంగరీ వాళ్ళం, ఇంకేమీ కాదు."

"నన్ను క్షమించు" అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట ఎంత పొట్టిదో, బస్సులో కాలు తొక్కినా అదే అంటారు.

"నన్నెందుకు అడుగుతావు? నీ చేతులు పట్టుకున్నది నేను కాదు." దీపం ఆర్పాడు. "మీ పండక్కి వస్తాను. నేను రోమ్ అని చెబుతాను. కానీ ముందు నువ్వు చెప్పు. అరుగు కథ కాదు. ఇది. మీవాళ్ళందరి ముందు, మైకులో. నువ్వు చెబితేనే నేను లేస్తాను. లేదంటే కూర్చుని పులిహోర తిని వెళ్ళిపోతాను."

మాటిచ్చాను. చెయ్యి కూడా కలిపాను.

గుండిగను అతను పూర్తి చేసి పంపాడు. ఉగాది నాడు సుజాత పులిహోర అందులోనే కలిపింది. హాలు నిండింది. పట్టుచీరలు, పరుగెత్తే పిల్లలు, పిల్లల్ని ఇంగ్లీషులో తిట్టే తల్లులు. యాంకో, మనవరాలు మూడో వరుసలో కూర్చున్నారు. శ్రీధర్ మైకులో వెయ్యేళ్ళు గడగడా చెప్పి, నన్ను పిలిచాడు.

నేను లేచాను. పన్నెండేళ్ళ వయసులో చేసిన పాపమంతా గొంతు తెరిచి చెప్పాను. హాలులో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ముందు వరుసలో పెద్దావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. శ్రీధర్ తల దించుకున్నాడు.

అబద్ధం. అలా జరగాలని ఆ తర్వాత చాలాసార్లు ఊహించుకున్నాను కనక కుదురుగా రాయగలిగాను. 

జరిగింది ఇదీ. మైకు పట్టుకోగానే నూటయాభై మొహాలు నావైపు తిరిగాయి. మా నాయనమ్మను గొప్పగా వినడానికి వచ్చిన మొహాలు. "మా నాయనమ్మ కళాయి వాళ్ళను..." అన్నాను. అక్కడ ఆగాను. ముందు వరుసలోంచి ఎవరో "చెప్పండి అంకుల్" అన్నారు. అరుగు మీద కూర్చోబెట్టింది నా నోరు. విస్తరాకులు వేసింది. నెయ్యి వడ్డించింది. ఈసారి చీరలతో పాటు వెండి మట్టెలు కూడా ఇప్పించింది. యాంకో నన్నే చూస్తున్నాడు. నేను మాట్లాడుతున్నది తెలుగు. అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. పక్కన మనవరాలికీ కాదు. నా గొంతు వణికింది, ఆ వణుకు మాత్రం నిజమైనదే, దాన్ని విని అతను మెల్లగా తల ఊపుతున్నాడు. సుజాత వెనక వంటగదిలో విస్తళ్ళు లెక్క చూసుకుంటోంది. విన్నా ఆమెకు అసలు సంగతి తెలియదు. తెలిసినవాళ్ళిద్దరిలో ఒకడికి భాష రాదు, ఇంకొకడు మైకు ముందున్నాడు.

చప్పట్లు మోగాయి. యాంకో లేచాడు. స్టేజీ మీదికొచ్చి, శ్రీధర్ కప్పబోయిన శాలువాను ఒక చేత్తో పక్కకు నెట్టి, మైకు దగ్గర ఒకే ఒక్క వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు: "నేను రోమ్‌ని, అరవై ఏళ్ళు దాచాను, ఇక దాచను." మూడో వరుసలో మనవరాలు ఏడ్చింది. శ్రీధర్ ఫోటోలు తీయించాడు.

భోజనాల దగ్గర యాంకో నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"చెప్పవనుకున్నాను. నా మనవరాలితో పందెం కూడా వేశాను, ముసలాడు మాట మార్చేస్తాడని." హాలు వైపు చూశాడు. జనం నవ్వుతూ పులిహోర తింటున్నారు. "అంత సిగ్గుమాలిన సంగతి విని కూడా చప్పట్లు కొట్టారు. మంచివాళ్ళయ్యా, మీవాళ్ళు."

"అవును" అన్నాను.